ఆకలి తలుపు తట్టే వేళ

గుంటూరు బ్రాడీపేటలో ఎవరి ఇంటికైనా వెళ్లాలంటే వీధి పేరు అడగనక్కర్లేదు. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండు అంకెలు చెబితే చాలు. సాయంత్రం అయిదున్నర దాటాక ఆ అంకెలు కూడా అక్కర్లేని చిరునామా ఒకటుంది. అదే మిర్చిబజ్జీల బండి. కాగిన నూనెలో శనగపిండి పడిన వాసన వస్తుంటే ముక్కే దారి చూపిస్తుంది.

గుంటూరే కాదు... తెనాలి, నరసరావుపేట, చీరాల, ఒంగోలు, ఎక్కడికెళ్లినా ఈ వేళకి ఇదే వరస. మధ్యాహ్నం అన్నం అరిగిపోయింది. రాత్రి భోజనానికి ఇంకా రెండు మూడు గంటల టైముంది. పని అయిపోయింది, ఇంటికి మాత్రం ఇంకా చేరలేదు. పగటికీ రాత్రికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో రెండు బజ్జీలు, ఓ గోలీసోడా, నాలుగు మాటలు!

సరిగ్గా ఇదే వేళకి ఇటలీలోనూ జనం వీధుల్లోకి వస్తారు. రాత్రి భోజనానికి ముందు ఓ చిన్న గ్లాసు, దానితోపాటు కాసిని చిరుతిళ్లు. ఈ అలవాటుకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘అపెరిటీవో’. లాటిన్‌లో ‘తెరవడం’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందది. ఏం తెరవాలి? ఆకలిని!

చేదు వాళ్లది... కారం మనది

ఆకలి తెరవడానికి ఇటలీవాళ్లు నమ్ముకున్నది చేదు. 1786లో ట్యూరిన్ నగరంలో కార్పానో అనే ఆయన వైన్‌లో మూలికలు కలిపి వెర్మూత్ తయారుచేశాడు. 1919లో పాడువా నగరంలో ఇద్దరు అన్నదమ్ములు నారింజ, చేదు వేర్లు కలిపి ‘అపెరోల్’ తెచ్చారు. నాలిక మీద కాస్త చేదు తగిలితే నోరూరుతుందని, పొట్ట భోజనానికి సిద్ధమవుతుందని వాళ్ల లెక్క. మందు ముట్టనివాళ్ల కోసం క్రోడినో లాంటి ఆల్కహాలు లేని చేదు పానీయాలు కూడా 1960ల నుంచి ఉన్నాయి.

మన పెద్దవాళ్లకీ ఈ లెక్క తెలుసు. భోజనానికి ముందు అల్లం ముక్క, ఉప్పు కలిపి నమలమని ఆయుర్వేదం చెప్పింది. దాన్నే దీపనం అంది. అంటే పొట్టలో దీపం వెలిగించడమన్నమాట. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మాత్రం ఆ దీపాన్ని మిరపకాయతోనే వెలిగిస్తారు. ఈ మిరపకాయేమీ ఇక్కడ పుట్టింది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి అయిదొందల ఏళ్ల కిందట మన దేశానికి వచ్చిన అతిథి. వచ్చిన చుట్టం ఇంటి యజమాని అయి కూర్చోవడమంటే ఇదే!

ఇక్కడో తమాషా ఉంది. మిర్చి యార్డుకి బస్తాల్లో వచ్చే గుంటూరు సన్నం వేరు, బజ్జీలోకి వచ్చే కాయ వేరు. బజ్జీకాయ లావుగా, పొడుగ్గా, లేతాకుపచ్చగా ఉంటుంది. కారం తక్కువ. దాన్ని నిలువునా చీల్చి, లోపలి తెల్లటి ఈనె తీసి, వాము, ఉప్పు, చింతపండు కూరతారు. కారం ఉండేది గింజల్లో అనుకుంటాం కానీ, అసలు కారమంతా గింజలు అంటుకుని ఉండే ఆ తెల్లటి ఈనెలోనే. అది తీసేస్తే పిల్లలు కూడా తినగలిగే బజ్జీ అవుతుంది.

పిండికి కావలసిన శనగలు ప్రకాశం నల్లరేగళ్లలో పండుతాయి. పైన పిండే నిమ్మకాయకి తెనాలిలో పెద్ద మార్కెట్టే ఉంది. ఒక్క బజ్జీ కొరికితే రెండు జిల్లాల పంట నోట్లోకి వచ్చినట్టే.

సోడానా? బాదంపాలా?

బజ్జీ మీద గోలీసోడా కొట్టడం మనకి తరతరాల అలవాటు. సీసా మెడలో గోలీ ఇరికించే ఆ ఉపాయం హైరం కాడ్ అనే ఇంగ్లిషాయనది. 1872 నాటిది. గోలీని లోపలికి నొక్కగానే వచ్చే చప్పుడుకే సగం దాహం తీరుతుంది. కానీ కారం మాత్రం తీరదు!

కారణం ఏమిటంటే, మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. కొవ్వులో కరుగుతుంది. వేడి తగిలితే కబురందించే నరాల చివరలనే అదీ తట్టి లేపుతుంది. అందుకే నోరు నిజంగా కాలిందనుకుని ఒళ్లు చెమట పోస్తుంది, లాలాజలం ఊరుతుంది. ఈ గుట్టు కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నీళ్లు, సోడా మంటని నోరంతా తిప్పుతాయే తప్ప తీసెయ్యవు. పాలల్లోని మాంసకృత్తులు, కొవ్వు దాన్ని పట్టుకుని లాగేస్తాయి. కాబట్టి సోడా సరదాకి, బాదంపాలు మంటకి. ఇంట్లో అయితే గ్లాసుడు మజ్జిగ ఉండనే ఉంది.

కొసరే అసలైతే...

వెనిస్ నగరంలో ‘బాకరో’ అని చిన్న చిన్న కొట్లుంటాయి. జనం నిలబడే తింటారు, మన బండి దగ్గరలాగే. రొట్టెముక్క మీద ఎండుచేప ముద్ద, సగం కోసిన గుడ్డు, మాంసపు ఉండ... ఒక్కోటి రెండు కొరుకుళ్లే. గ్లాసు కూడా చిన్నదే. దాన్ని ‘ఓంబ్రా’ అంటారు. అంటే నీడ. ఒకప్పుడు చర్చి గంట గోపురం నీడలో నిలబడి వైన్ అమ్మేవారని, అందుకే ఆ పేరొచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. అక్కడ నలుగురిలో, వెలుతురులో, తింటూ తాగేది ఆ చిన్న గ్లాసు. మన ఊళ్లలో సాయంత్రం ‘మందు’ చాలా ఇళ్లలో గొడవకి మొదలు. ఇంటికి తెలియకుండా, ఖాళీ కడుపున, గబగబా తాగేదానికీ దీనికీ పోలిక లేదు.

అయితే ఇటలీలోనూ కొలత తప్పింది. మిలాన్, ట్యూరిన్ లాంటి చోట్ల పోటీలు పడి ఒక గ్లాసు కొంటే పళ్లేల కొద్దీ తిండి పెట్టడం మొదలెట్టారు. చివరికి అదే రాత్రి భోజనమైపోయింది. అపెరిటీవోకి ‘చేనా’ అంటే భోజనం కలిపి ‘అపెరిచేనా’ అని కొత్త మాటే పుట్టింది. ఆకలి తెరవాల్సింది ఆకలిని మింగేసిందన్నమాట.

ఈ కథ మన ఇళ్లకి కొత్త కాదు. ఆయన బండి దగ్గర ఆరు బజ్జీలు లాగించి వస్తారు. పిల్లలు ట్యూషన్ నుంచి వస్తూ పునుగులు తింటారు. తొమ్మిదింటికి కంచాలు పెడితే అందరిదీ ఒకటే మాట... ‘ఆకలి లేదు’. పప్పు, కూర, పచ్చడి చేసిన ఆవిడ ఒక్కతే కూర్చుని తింటుంది. మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళుతుంది. పాడయింది కూర ఒక్కటే అనుకుంటే పొరపాటు. రోజులో అందరూ కలిసే ఒకే ఒక్క పూట కూడా పోయింది.

ఆ వేళ ఎవరిది?

మరో సంగతి. గుంటూరు చుట్టుపక్కల మిరప గిడ్డంగుల్లో కాయకి తొడిమలు తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. ప్రకాశం చేలల్లో పత్తి తీసేదీ వాళ్లే. మిరప ఘాటుకి దగ్గుతూ, చేతుల మంటతోనే పొద్దు గడుపుతారు. ఆ మంట ఒట్టి నీళ్లతో కడిగితే పోదు. ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడగాలి. సోడా గురించి చెప్పుకున్న శాస్త్రమే ఇక్కడా. మరి సాయంత్రం? మగవాళ్లు బండి దగ్గర ఆగుతారు. ఆడవాళ్లు ఇంటికెళ్లి పొయ్యి వెలిగిస్తారు. ఊరంతటికీ కారం సిద్ధం చేసిన చేతులకి ఆ కారం తింటూ కబుర్లాడే గంట మాత్రం దొరకదు.

పట్నంలో ఇప్పుడు కాలేజీ అమ్మాయిలు, కుటుంబాలు కూడా బండి దగ్గర కనిపిస్తున్నారు. మంచిదే. కానీ ఇంట్లో వేసుకునే బజ్జీల సంగతి చూడండి. వానపడితే చాలు ‘బజ్జీలు వేస్తావా?’ అని అడుగుతారు. ఒక్కో వాయి బయటికి రావడం, వేడివేడిగా ఖాళీ అవడం. వేసే ఆవిడ ఆఖరి వాయి తీసి హాల్లోకి వచ్చేసరికి కబుర్లూ అయిపోతాయి, బజ్జీలూ చల్లారిపోతాయి.

కాబట్టి ఈసారి కొన్ని మార్పులు చేసి చూడొచ్చు. మనిషికి రెండే బజ్జీలు. రాత్రి భోజనానికి కనీసం గంటన్నర ముందు. రెండో వాయి ఇంకొకరు వెయ్యాలి, మొదటి వాయి వేసినవారు కూర్చోవాలి. మాడి నల్లబడిన నూనె మళ్లీ వాడొద్దు. నూనెలో పాడయిన పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 నుంచి ఆహార భద్రత సంస్థ నిబంధన కూడా ఉంది. ఇంకోమాట, బజ్జీల్ని న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, దాని మీద వేసి నూనె ఒత్తొద్దు. సిరా తిండికి అంటుతుందని అదే సంస్థ హెచ్చరిస్తూనే ఉంది. పేపరు చదువుకోవడానికే!

ఆకలిని తెరవడానికి చేదు గ్లాసైనా, కారం బజ్జీయైనా ఒకటే. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఆకలితో ఒక్కచోట కంచాల ముందు కూర్చుంటే, అప్పుడే అది రుచి తెలిసి తిన్న చిరుతిండి.