ఇంటి వ్యాయామమునకు నిపుణుని తోడు కావలెను



పక్షవాతమునకు గురియైన సహోద్యోగి ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన దినమున గండము గడచినదని మనమందరము ఊపిరి పీల్చుకొందుము. కాని అసలు పోరాటము ఆనాడే ఆరంభమగును. పడిపోయిన కాలుచేతులను తిరిగి స్వాధీనములోనికి తెచ్చుకొనుటకు నెలల తరబడి వ్యాయామము అవసరము. ఘాజియాబాదులోనో, ఫరీదాబాదులోనో మూడవ అంతస్తున నివసించు రోగి ఇందుకై దినదినము ఢిల్లీ ఆసుపత్రికి ఎట్లు రాగలడు? మెట్లు దింపుటకు ఇద్దరు మనుషులు, టాక్సీకి డబ్బు, వెంట వచ్చు కుమారునకు సెలవు కావలెను.

కావున వ్యాయామమే ఇంటికి రావలెను. అందులకు సాధనములు రూపొందుచున్నవి. ఐ.ఐ.టి. ఢిల్లీ, ఎయిమ్స్ పరిశోధకులు మణికట్టును, వ్రేళ్లను కదిలించు యంత్రమును నిర్మించిరి. ముంజేతి కండరములలో మిగిలియున్న విద్యుత్ సంకేతమును గ్రహించి, రోగి తలపెట్టిన కదలికకు అది తోడ్పడును. కొద్దిమంది రోగులపై జరిపిన పరీక్షా ఫలితములు 2021లో ప్రచురితమై ఆశ కలిగించినవి.

ఇంటివారికి నేర్పి పంపిన చాలదా అని అధికారులు అడుగవచ్చును. మన దేశమున 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో జరిగిన ‘అటెండ్’ పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. కుటుంబ సభ్యులకు శిక్షణ నిచ్చిన వర్గమునందును, మామూలు చికిత్స పొందిన వర్గమునందును, ఆరు నెలల పిదప మరణించినవారు, పరాధీనులుగా మిగిలినవారు కలిసి 47 శాతమే. ఇది ఇంటివారి శ్రద్ధాలోపము కాదు. నిపుణుని బాధ్యతను ఇల్లాలి భుజములపై మోపి చేతులు దులుపుకొనరాదని మనము గ్రహించవలెను. యంత్రమునకును ఇదియే వర్తించును.

రైల్వే ఆసుపత్రులును, సి.జి.హెచ్.ఎస్. కేంద్రములును ఫిజియోథెరపిస్టులను నియమించి, నిర్ణీత దినములలో వీడియో ద్వారా రోగి వ్యాయామమును పరిశీలింపజేయవలెను. సాధనములను ఎరువుగా ఇవ్వవలెను. ఉద్యోగి అప్పుచేసి కొనవలసిన గతి పట్టరాదు. కోలుకొను వ్యవధిలో ఉద్యోగ భయము ఉండరాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టము 20(4) ప్రకారము, ఉద్యోగ కాలమున వైకల్యము పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పనికి తగకున్నచో అదే వేతనముతో మరియొక పని చూపవలెను. ఖాళీ లేకున్నచో అదనపు పోస్టులో ఉంచవలెను. ఈ నిబంధనను ప్రతి శాఖా కార్యదర్శియు తెలిసికొని, బాధితుని ఇంటికి వెళ్లి చెప్పవలెను.

ఏండ్ల తరబడి పచ్చజెండా ఊపిన చేయి, ఉత్తరములు వేరుచేసిన చేయి మరల పైకి లేచునట్లు చూచుట యాజమాన్యము చూపు దయ కాదు. అది మన హక్కు.