క్లిఫర్డ్ బ్రౌన్ కథలో డ్రామా లేదట!

జాజ్ ట్రంపెటర్ అనగానే మన బుర్రలో ఒక బొమ్మ రెడీగా ఉంటుంది. సగం చీకటి, సిగరెట్ పొగ, మోచేతి మీద సూది మచ్చలు, పక్క గదిలో ఏడుస్తూ ఒకమ్మాయి. ఈ బొమ్మ సంగీతం వింటే వచ్చింది కాదు, సినిమాలు చూస్తే వచ్చింది. చెట్ బేకర్ మీద 1988లో 'లెట్స్ గెట్ లాస్ట్' డాక్యుమెంటరీ, 2015లో ఈథన్ హాక్‌తో 'బార్న్ టు బి బ్లూ'. అదే ఏడాది మైల్స్ డేవిస్ మీద 'మైల్స్ అహెడ్'. అంత పెద్ద జీవితంలోంచి ఆ సినిమా ఎంచుకున్న భాగం ఏదయ్యా అంటే, ఆయన ట్రంపెట్ పక్కన పడేసి, కొకైన్‌తో ఇంట్లో తలుపులేసుకున్న ఏళ్లు. లీ మోర్గన్ మీద 2016లో ఇంకో డాక్యుమెంటరీ. ఆయన్ని 1972లో న్యూయార్క్ క్లబ్బులో, భార్యలా కలిసి బతికిన మనిషే కాల్చి చంపింది మరి.

క్లిఫర్డ్ బ్రౌన్ మీద మాత్రం హాలీవుడ్ సినిమా లేదు. డాన్ గ్లాండెన్ అనే పియానిస్టు ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చిన డాక్యుమెంటరీ ఒకటుంది. జాజ్ పిచ్చోళ్లు తప్ప దాన్ని చూసినవాళ్లు తక్కువ. ఈ సంగతి ఒక సాహిత్య మిత్రుడి దగ్గర ఎత్తితే, "మంచి ప్లేయరే బ్రో, కానీ కథలో డ్రామా లేదు" అన్నాడు. అతను తెలివైనవాడు, బాగా చదువుకున్నవాడు. అందుకే ఆ మాట నాకు ఒళ్లు మండించింది. ఈ వ్యాసం ఆ ఒక్క మాటకి జవాబు.

క్లిఫర్డ్ బ్రౌన్ 1930 అక్టోబర్ 30న అమెరికాలో డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. తండ్రికి సంగీతం సరదా, ఇంట్లో వాయిద్యాలు ఉండేవి. వాటిల్లో తళతళలాడే ట్రంపెట్ మీద పడింది పిల్లాడి కన్ను. పన్నెండు, పదమూడేళ్ల వయసులో అది చేతికొచ్చింది. ఊళ్లోనే రాబర్ట్ లోరీ అనే గురువు దగ్గర చెవితో వినడం, విన్నదాన్ని విప్పి చూడటం నేర్చుకున్నాడు. కాలేజీలో మొదట లెక్కలు చదివాడు, తర్వాత మేరీలాండ్ స్టేట్ కాలేజీకి సంగీతం కోసం మారాడు. చదరంగం ఆడేవాడు. మితభాషి. హెరాయిన్ జోలికి పోలేదు. అదిగో, కథ అక్కడే చచ్చిపోయిందంటారు మనవాళ్లు.

నిజంగా చచ్చిపోయిందా? 1950 జూన్‌లో ఒక కచేరీ నుంచి తిరిగొస్తుంటే కారు ప్రమాదం. దాదాపు ఏడాది ఆసుపత్రి, మంచం. అప్పటికి పంతొమ్మిదేళ్లు. ట్రంపెట్ ఎత్తి పట్టుకోలేని నెలల్లో పియానో ముందు కూర్చున్నాడు. డిజీ గిలెస్పీ అంతటివాడు ఆసుపత్రికి వచ్చి, వదిలిపెట్టొద్దని చెప్పి వెళ్లాడు. అదే ఏడాది జూలైలో, క్లిఫర్డ్ ఆరాధించిన ట్రంపెటర్ ఫ్యాట్స్ నవారో 26 ఏళ్లకే పోయాడు. క్షయ ఒకవైపు, హెరాయిన్ ఇంకోవైపు. అంటే మంచం మీదున్న కుర్రాడి ముందు రెండు దారులూ ఉన్నాయి. ఎటు పోతే ఏమవుతుందో తన హీరోనే చూపించి వెళ్లిపోయాడు. ఇది డ్రామా కాకపోతే డ్రామా అంటే ఏంటో నాకు చెప్పండి.

తిరిగి లేచాక అతనికి దొరికిన కాలం ఎంత? మొదటి రికార్డింగ్ 1952లో. ఆఖరి శ్వాస 1956లో. నాలుగేళ్లు చిల్లర. అందులోనే 1953లో లయొనెల్ హాంప్టన్ బృందంతో యూరప్ యాత్ర. బయట ఎవరితోనూ రికార్డింగులు చేయొద్దని హాంప్టన్ హుకుం. కుర్రాళ్లు రాత్రిళ్లు జారుకుని పారిస్‌లో, స్టాక్‌హోమ్‌లో రికార్డులు చేసేశారు. 1954 ఫిబ్రవరిలో ఆర్ట్ బ్లేకీతో బర్డ్‌లాండ్ క్లబ్బులో కచేరీ. అదే ఏడాది డ్రమ్మర్ మాక్స్ రోచ్‌తో కలిసి సొంత క్వింటెట్. అదే ఏడాది లారూ ఆండర్సన్‌తో పెళ్లి. అదే ఏడాది చివర్లో సారా వాన్‌తో, హెలెన్ మెరిల్‌తో ఆల్బమ్‌లు. ఇరవై నాలుగేళ్లవాడి ఒక్క ఏడాది పని ఇది.

ఇక వాయిద్యం సంగతి. ట్రంపెట్‌కి ఉన్నవి మూడే మీటలు. మిగతాదంతా పెదవి బిగింపు, ఊపిరి, నాలుక. నాలుగు రోజులు సాధన మానేస్తే పెదవి మాట వినదు. పాటగాడికి గొంతెంతో ట్రంపెటర్‌కి మూతి కండరం అంత. 1955లో చేసిన 'స్టడీ ఇన్ బ్రౌన్' ఆల్బమ్‌లో 'చెరోకీ' వినండి. పరుగో పరుగు. ఆ వేగంలో చాలామంది స్వరాల్ని మింగేస్తారు, ఒకదాని మీద ఒకటి జారిపడతాయి. క్లిఫర్డ్ ఊదితే ప్రతి స్వరానికీ మొదలూ చివరా విడివిడిగా వినపడతాయి, పైగా ఏదీ పలచబడదు. ఆ నిండుతనం బాధలోంచి రాలేదు, మత్తులోంచి రాలేదు. రోజూ కూర్చుని చేసిన సాధనలోంచి వచ్చింది. సాధనని సినిమా తీయడం కష్టం. సూదిని తీయడం తేలిక, ఒక్క క్లోజప్ చాలు.

'బార్న్ టు బి బ్లూ' క్లైమాక్స్ గుర్తుందా? బేకర్ బర్డ్‌లాండ్‌లో స్టేజి ఎక్కాలి. అమ్మాయినీ మానేసిన అలవాటునీ నిలబెట్టుకోవాలా, హెరాయిన్ తీసుకుని వాయించాలా? తీసుకుంటాడు. బ్రహ్మాండంగా వాయిస్తాడు. అమ్మాయి వెళ్లిపోతుంది. హాల్లో మనం కళ్లు తుడుచుకుంటాం. ఆ సీన్ చెప్పే నీతి ఏంటో ఆగి ఆలోచించామా? మత్తు లేకపోతే సంగీతం లేదని. అసలు బేకర్ జీవితం చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. 1966లో మత్తుమందుల వ్యవహారంలో తిన్న దెబ్బలకి పళ్లు పోయి, కట్టుడు పళ్లతో ట్రంపెట్‌ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడాయన. మందు ఇచ్చింది కాదది. మందు లాక్కున్నదాన్ని సాధన మెల్లమెల్లగా తిరిగి తెచ్చిపెట్టింది.

"మరి చార్లీ పార్కర్?" అంటారు. ఆ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పార్కర్‌నే అడుగుదాం. 1954లో పాల్ డెస్మండ్‌తో చేసిన రేడియో సంభాషణలో ఆయన చెప్పింది, మూడు నాలుగేళ్ల పాటు రోజుకి 11 నుంచి 15 గంటలు సాధన చేశానని. ఆ గంటల్ని పక్కన పెట్టి, ఆయన సిరంజిని మాత్రం అనుకరించిన కుర్రాళ్లు ఒక తరం తరం ఉన్నారు. వాళ్లలో సోనీ రోలిన్స్ ఒకడు. 1953 జనవరిలో ఒక రికార్డింగ్ దగ్గర పార్కర్ అతన్ని అడిగాడు, ఎలా ఉన్నావని. అన్నీ మానేశానని రోలిన్స్ అబద్ధం చెప్పాడు. కాసేపటికి ఇంకెవరో నోరు జారారు. పార్కర్ మొహం వాడిపోయిందని, తన కోసం ఆయన అంత బాధపడటం చూశాకే మానెయ్యాలని నిశ్చయించుకున్నానని రోలిన్స్ తర్వాత చెప్పాడు. కెంటకీలో లెక్సింగ్టన్ ఆసుపత్రికి వెళ్లి మానేశాడు కూడా. ఆ సంగతి చెప్పుకోడానికి పార్కర్ లేడు. 1955 మార్చిలో, 34 ఏళ్లకి పోయాడు. మనం ఏ దేవుడి పేరు చెప్పి ఈ మతం నడుపుతున్నామో, ఆ దేవుడికే ఈ మతం మీద నమ్మకం లేదు.

బయటికొచ్చిన రోలిన్స్ ఎవరి బృందంలో చేరాడు? క్లిఫర్డ్ బ్రౌన్, మాక్స్ రోచ్‌ల బృందంలో. రోచ్ కూడా హెరాయిన్‌లోంచి బయటపడ్డవాడే. శుభ్రంగా బతుకుతూ కూడా గొప్పగా వాయించొచ్చని క్లిఫర్డ్‌ని చూసే తెలుసుకున్నానని రోలిన్స్ చెప్పాడు. ఒక మనిషి పక్కన నిలబడి మామూలుగా బతికి చూపించడం వల్ల ఇంకో మనిషి బతికాడు. రోలిన్స్ ఆ తర్వాత దశాబ్దాల పాటు వాయించాడు. డ్రామా లేదన్నారే, ఇదిగో డ్రామా.

నేను మద్యపాన నిషేధం ప్రచారానికి రాలేదు. వ్యసనం పాపమనీ అనడం లేదు. అది జబ్బు. దాంట్లో పడ్డవాళ్లని ఆ రోజుల్లో పోలీసులు, జైళ్లు ఎలా నమిలాయో తెలుసు. న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. 1951లో అది పోగొట్టుకున్న థెలోనియస్ మంక్ ఏళ్ల తరబడి ఆ ఊరి క్లబ్బుల్లో వాయించలేకపోయాడు. అలాంటి మనుషుల మీద జాలి ఉండాల్సిందే. నా పేచీ జాలితో కాదు, ఆ జబ్బుని ప్రతిభకి కట్టాల్సిన టికెట్టులా అమ్మడంతో.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నల్లజాతి కళాకారుడి పని గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా 'పుట్టుకతో వచ్చింది', 'గుండెకోతలోంచి వచ్చింది' అనడం పాత అలవాటు. బాధ వాళ్లది, బుద్ధి ఇంకెవరిదో అన్నట్టు. లెక్కలు చదివి, చదరంగం ఆడి, స్వరాల కూర్పుని కాగితం మీద విప్పుకున్న కుర్రాడు ఆ మూసలో ఇమడడు. అందుకే అతన్ని 'మంచి పిల్లాడు' అనేసి పక్కన కూర్చోబెట్టారు. అదీ అవమానమే. క్లిఫర్డ్‌ని గుర్తుపెట్టుకోవాల్సింది మంచితనానికి కాదు, పనికి.

మనకీ ఇదేం కొత్త కాదు. 1953లో క్లిఫర్డ్ యూరప్‌లో దొంగచాటుగా రికార్డులు చేస్తున్న ఏడాదే, మన 'దేవదాసు' సినిమా వచ్చింది. ఇప్పటికీ తెలుగులో తాగుబోతు ప్రేమికుడంటే ఆ మొహమే. ఆ మత్తుకళ్లు ఎలా వచ్చాయో అందరికీ తెలిసిన ముచ్చటే. అక్కినేని పెరుగన్నం కడుపు నిండా తిని, నిద్రమత్తులో రాత్రిపూట షూటింగ్ చేసేవాడు. తెలుగువాళ్ల ఆల్‌టైమ్ తాగుబోతుని తయారుచేసింది సీసా కాదు, పెరుగన్నం, క్రమశిక్షణ! మనం మాత్రం సీసానే ఇంటికి తెచ్చుకున్నాం.

కొన్నేళ్ల కిందట ఒక కవి సంస్మరణ సభకి వెళ్లాను. లివర్ పోయి, యాభై దాటకుండానే వెళ్లిపోయాడు. వేదిక మీద ఒక్కొక్కరూ లేచి ఆయన తాగుడు కథలే చెప్పారు. ఏ బార్లో ఏం తిట్టాడు, ఏ రాత్రి ఎవరింటి గోడ దూకాడు. నవ్వులు, చప్పట్లు. 'అలా మండిపోయాడు కాబట్టే అలా రాశాడు' అని ఒకాయన ముగించాడు. బయట టీ దగ్గర ఆయన భార్య నాతో, "రెండు గంటలు కూర్చున్నానండీ. పద్యం ఒక్కటైనా చదువుతారనుకున్నా" అంది. ఆయన ఒక్కో కవితని ఆరేడుసార్లు తిరగరాసేవాడని, ఆ కాగితాలన్నీ ఇంట్లో పెట్టెలో ఉన్నాయని చెప్పింది. ఆ పెట్టె గురించి సభలో ఎవ్వరూ అడగలేదు. ఆ చప్పట్లు కొట్టిన కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు అదే దారిలో ఉన్నారు. వాళ్లకి పద్యం కంటే ముందు సీసా చూపించింది మనమే.

క్లిఫర్డ్ 1956 జూన్ 26న పోయాడు. ఫిలడెల్ఫియా నుంచి షికాగోలో తర్వాతి కచేరీకి వెళ్తూ, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద, రాత్రి, వానలో. కారు నడుపుతున్న నాన్సీ, ఆమె భర్త పియానిస్ట్ రిచీ పావెల్, క్లిఫర్డ్, ముగ్గురూ అక్కడే పోయారు. అతనికి 25 ఏళ్లు. ఆ రోజు అతని రెండో పెళ్లిరోజు. ఊరూరా తిరిగితే తప్ప పూట గడవని వృత్తిలో పనికి వెళ్తూ పోయాడు. ఆ చావు కూడా మనకి చాల్లేదు. 1973లో వచ్చిన 'ది బిగినింగ్ అండ్ ది ఎండ్' ఆల్బమ్‌లో కొన్ని పాటలు చావుకి కొన్ని గంటల ముందు వాయించినవని ప్రచారం చేశారు. జనం వాటిలో మృత్యువు నీడని వెతుక్కుంటూ విన్నారు. తర్వాత పరిశోధకులు తేల్చిందేంటంటే, అది అంతకు ఏడాది ముందు, 1955లో జరిగిన కచేరీ. నీడా లేదు, గీడా లేదు. ఒక ఆరోగ్యవంతుడైన కుర్రాడు ఆ రాత్రి హాయిగా వాయించాడు, అంతే.

మొదట్లో చెప్పిన లీ మోర్గన్ ఫిలడెల్ఫియా కుర్రాడు. చిన్నప్పుడు కొన్ని పాఠాలు నేర్చుకున్నది క్లిఫర్డ్ బ్రౌన్ దగ్గరే. ఆ తర్వాత హెరాయిన్‌లో పడ్డాడు. తుపాకీ సంగతి మనందరికీ తెలుసు, పాఠాల సంగతి ఎంతమందికి తెలుసు? రాబోయే కుర్రాళ్లకి ఈ రెండిట్లో ఏది ముందు చెప్తామన్నదే అసలు గొడవ. కథలు రాసేవాళ్లం, సమీక్షలు రాసేవాళ్లం, సభల్లో మైకు పట్టుకునేవాళ్లం మనమే కాబట్టి, ఆ బాధ్యత హాలీవుడ్ మీదకి తోసేస్తే కుదరదు. ఈ రాత్రి 'జాయ్ స్ప్రింగ్' పెట్టుకుని వినండి. ఆ పాట కట్టినవాడు ఏం తాగాడని కాదు, అలా ఊదడానికి ఎన్ని గంటలు కూర్చున్నాడని అడగండి.