అడవి దారిలో వాకీటాకీ.. అంకెలు చూసి కొంటే అక్కరకు రాదు

ఆత్మకూరు: మహాశివరాత్రి, ఉగాది పర్వదినాలకు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలం చేరుకుంటారు. ఈ నల్లమల దారిలో చాలాచోట్ల సెల్‌ఫోన్ సిగ్నళ్లు అందవు. కాలు బెణికి ఒకరు వెనుకబడినా ముందు నడిచేవారికి కబురు చేరదు. ఈ లోటు తీరాలని వాకీటాకీలు కొనదలచిన బృందాలు ధరకన్నా ముందు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి.

దూరానికి కొండే హద్దు

పెట్టెపై 20, 30 కిలోమీటర్లని ముద్రించినా అది ఎదురెదురు శిఖరాల మధ్య లెక్క. ఈ తరంగాలు దాదాపు చూపు సాగే దారిలోనే పయనిస్తాయి. చేతిలో పట్టుకున్న రెండు సెట్ల మధ్య, అడ్డులేని చదును నేలపైనే సుమారు 10 కిలోమీటర్లకు భూమి వంపు అడ్డొస్తుంది. దట్టమైన అడవిలో ఆ దూరం ఇంకా తగ్గిపోతుంది. భీముని కొలను లోయలోకి దిగినవారికి, గట్టు అవతలివారికి మధ్య కొండే గోడ. ఎక్కువ శక్తి గల సెట్ కొన్నంత మాత్రాన అది తొలగదు. గట్టుపై ఒకరిని నిలిపి మాటను అటూ ఇటూ చేరవేయించడమే మార్గం. అందుకే ఖరీదైన రెండు సెట్లకన్నా సాధారణమైన మూడు సెట్లు మేలు.

అనుమతి లేకుంటే చిక్కే

2018 నిబంధనల ప్రకారం 446.0-446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అల్పశక్తి సెట్లకు లైసెన్సు అక్కరలేదు. అయితే ఆ నమూనాకు కేంద్ర వైర్‌లెస్ విభాగం ఆమోదం ఉండాలి. ఏ ఫ్రీక్వెన్సీకైనా మార్చుకోగల చవక సెట్లు ఈ మినహాయింపులోకి రావు. ఆన్‌లైన్ అమ్మకందారులు ఫ్రీక్వెన్సీని, ఆమోద వివరాలను చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు జారీ చేసింది. అవి కనిపించని సరుకును కొనకపోవడమే మంచిది.

బ్యాటరీ ముఖ్యం

దారిలో ఛార్జింగ్ వసతి ఉంటుందన్న భరోసా లేదు. అంగట్లో దొరికే పెన్సిల్ సెల్స్‌తోనూ నడిచే సెట్ అయితే ఇబ్బంది ఉండదు. గంటకోసారి నిర్ణీత సమయంలో పలకరించుకుని, మిగతా వేళ ఆపి ఉంచితే బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది.

ఒక్క విషయం మరువరాదు. వాకీటాకీ తోటి బృందాన్నే పిలవగలదు; 112కు ఫోన్ చేయలేదు. సిగ్నల్ అందే చోట సెల్‌ఫోన్, సెట్ రెండూ ఉన్న మనిషి ఒకరుండాలి. ఆ ఏర్పాటు లేకుంటే లోయలోంచి వచ్చిన పిలుపు బృందాన్ని దాటి సహాయం చేసేవారిని చేరదు.