మోస్తరు అంటే ఎంత?

మైలవరం సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడి 'మోస్తరు వాన' అంటే ఎంత అని పది మందిని అడగండి. పది రకాల జవాబులొస్తాయి. మెట్ట రైతుకు అది నాగలి దిగేంత పదును. మామిడి తోట కౌలుకు పట్టినవాడికి కాయ రాలేంత దెబ్బ. బెజవాడ బస్సు కోసం నిలబడ్డ కుర్రాడికి ప్యాంటు అంచు తడిసేంత జల్లు. ఎవరిదీ తప్పు కాదు. ఎవరి బతుకు వారికి కొలత.

వాతావరణ శాఖకు మాత్రం కచ్చితమైన లెక్క ఉంది. ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల వరకు పడితే మోస్తరు. ఆపైన భారీ. 115.6 నుంచి అతి భారీ. 204.4 దాటితే అత్యంత భారీ. ఒక్క మోస్తరులోనే ఆ చివరికీ ఈ చివరికీ నాలుగింతల తేడా! అయినా లెక్కంటూ ఒకటి ఉంది కదా. ఆఫీసులో ఉన్న ఆ అంకె టీవీ తెర కింద పాకే అక్షరాల్లోకి వచ్చేసరికి రాలిపోతుంది. మాట ఒక్కటే మన దాకా వస్తుంది.

ఇక 'చోట్ల' సంగతి చూడండి. 'ఒకటి రెండు చోట్ల' అంటే మనం ఒక ఊరో రెండూళ్లో అనుకుంటాం. శాఖ లెక్కలో వానను కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు దాకా తడిసినా అది ఒకటి రెండు చోట్లే. 26 నుంచి 50 శాతం దాకా 'కొన్ని చోట్ల'. అంటే సగం ప్రాంతం తడిసినా కొన్నే! ఇంట్లో సగం అన్నం నేలపాలైతే 'కొన్ని మెతుకులు' పడ్డాయంటామా?

లెక్క లేని మాటలు తెలుగువాడికి కొత్త కాదు. నలుగురూ ఏమనుకుంటారో అంటాం, ఆ నలుగురినీ ఎవరూ లెక్కపెట్టరు. 'కాస్త ఉప్పెయ్యి' అని తల్లి అంటే కూతురికి తెలుసు, అది తల్లి చేతి చిటికెడు అని. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గరున్నారు కాబట్టి ఆ మాట చెల్లుతుంది. సర్కారు మన పొయ్యి దగ్గర లేదు. దాని చిటికెడు ఎంతో మనకెలా తెలియాలి?

2024 సెప్టెంబరు 1ని మరిచిపోలేం. బుడమేరు పుట్టేది మన మైలవరం చుట్టుపక్కల కొండల్లోనే. ఇక్కడ కురిసిన నీరు వెలగలేరు మీదుగా దిగింది. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో నానాయి. 'లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలి' అన్నది ప్రతి వానకూ వినే మాటే. లోతట్టు అంటే ఏ వీధి? అప్రమత్తం అంటే సామాను మంచం మీద పెట్టుకోవడమా, పిల్లల్ని తీసుకుని వెళ్లిపోవడమా? కృష్ణమ్మ విషయంలో ఈ బాధ కొంత తక్కువ. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఆ సెప్టెంబరులో వరద 11.43 లక్షలకు చేరిందంటే లంకల్లో చదువురాని మనిషికి కూడా దాని బరువేమిటో అర్థమవుతుంది. బుడమేరు గట్టు మీది జనం నోట అలాంటి అంకె ఏదీ నానలేదు.

విచిత్రమేమంటే, డబ్బులివ్వాల్సి వచ్చేసరికి సర్కారుకు ఎక్కడలేని కచ్చితత్వం వస్తుంది. పంట 33 శాతం పోతేనే పెట్టుబడి సాయం. 2015కు ముందు 50 శాతం పోవాలనేవారు. ఇప్పుడు 32 శాతం పోయిన చేను నష్టపోని చేనే! హెచ్చరించేటప్పుడు 'కొన్ని', 'భారీ'. ఇచ్చేటప్పుడు శాతాలు, దశాంశాలు. ఈ తేడా యాదృచ్ఛికం అని మేం నమ్మం. (రాష్ట్రాల ఉద్యమాలు చేసినవాళ్లకు ఈ విద్య బాగా తెలుసు. 2004 కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణను 'తగిన సమయంలో' పరిశీలిస్తామన్నారు. ఆ 'తగిన' అన్నది పదేళ్లని 2014 జూన్ 2న గానీ తేలలేదు.)

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదు. మాట తీసెయ్యమనడం లేదు, పక్కన అంకె పెట్టమంటున్నాం. ఆ అంకె కూడా రైతుకు పట్టేలా ఉండాలి. 100 మిల్లీమీటర్లు పడితే ఎకరం మీద 4 లక్షల లీటర్ల పైచిలుకు నీళ్లు నిలిచినట్టు. అలా చెబితే గట్టు తెంచాలో కట్టాలో రైతే చూసుకుంటాడు. వెలగలేరులో రెగ్యులేటర్ దగ్గర నీళ్లు ఏ గీత దాటాయి, ఎన్ని గంటల్లో ఏ కాలనీకి వస్తాయి, ఎంత ఎత్తు నిలుస్తాయి అన్నది మైకు ఆటోలో పేరు పేరునా చెప్పాలి. వీధి స్తంభానికి 2024 నీటి మట్టం గీత గీసి, ఈసారి దానికి పైనా కిందా అన్నది చెప్పాలి. రంగు డబ్బాకు ఎంతవుతుందో అధికారులు లెక్క వేయగలరు. వచ్చే వానాకాలం లోపు ఆ గీతలు పడాలి.