నువ్వేం నొక్కావ్?

ఇంట్లో ఏ మిషను ఆగిపోయినా మొదట వచ్చే ప్రశ్న "దానికేమైంది?" అని కాదు, "నువ్వేం చేశావ్?" అని. గమనించారా మీరెప్పుడైనా? గీజరు వేడెక్కకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, వాషింగ్ మిషను నీళ్ళు వదలకపోయినా ముందు అందరూ నా వైపే చూస్తారు. అదే మావారి కారు స్టార్టవకపోతే మాత్రం బ్యాటరీ వీకయిందంటారు. "మీరేం నొక్కారండీ?" అని నేనడిగిన పాపాన పోలేదు.

ఇదంతా నా లాప్‌టాప్ గురించి. నాదంటే నాదేం కాదు లెండి. ఆఫీసువాళ్ళు మావారికి కొత్తది ఇచ్చాక ఆయన పాతది మావాడికెళ్ళింది, వాడు ఇంజినీరింగులో చేరి వేరేది కొనిపించుకున్నాక నా దగ్గరకొచ్చింది. ఆరేళ్ళ వయసు. దాంతోనే శనివారం పొద్దున్నే డల్లాస్‌లో ఉన్న ఐదుగురు పిల్లలకి తెలుగు చెప్తాను. వాళ్ళకది శుక్రవారం సాయంత్రం ఏడు. చలికాలంలో మనకి ఆరున్నర, మార్చిలో వాళ్ళు గడియారాలు ముందుకు తిప్పుకున్నాక ఐదున్నర. వచ్చేది పెద్ద మొత్తమేం కాదు. కానీ పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నా ఖాతాలో నా పని మీద పడ్డ మొదటి డబ్బు అది.

ఓ శనివారం గుణింతాలు చెప్తూ "కై, కొ" దాకా వచ్చానో లేదో, తెర నల్లబడిపోయింది. ముందు ఒక హెచ్చరిక లేదు, మెసేజీ లేదు. మళ్ళీ ఆన్ చేస్తే ఐదు నిమిషాల్లో మళ్ళీ పోయింది. పై వారమూ అంతే. పిల్లల తల్లిదండ్రులు మర్యాదస్తులు, "పర్లేదండీ, మీ వీలు చూసుకుని చెప్పండి" అన్నారు. ఆ "వీలు చూసుకుని" అనే మాట వినగానే నాకు గుండె జారింది. ఇంకో రెండు వారాలు ఇలాగే అయితే వేరే టీచర్ని చూసుకుంటారు, వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు.

మావారు "నువ్వేదో నొక్కుంటావ్" అన్నారు. మావాడు "వైరస్సమ్మా, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. సెంటర్లో రిపేరు షాపతను మూత తెరవనైనా తెరవకుండా "మదర్‌బోర్డు పోయింది మేడమ్, తొమ్మిదివేలవుద్ది" అన్నాడు. ముగ్గురూ మగవాళ్ళే, ముగ్గురికీ జవాబు తెలుసు. అది ఎప్పుడు ఆగుతోందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నాకు కోపమొచ్చింది. కోపమొస్తే నేను లెక్కలు రాస్తాను. పాల లెక్క రాసే క్యాలెండరు వెనక నాలుగు గళ్ళు గీశాను. ఎన్నింటికి ఆన్ చేశాను, ఎన్నింటికి పోయింది, చార్జరు పెట్టి ఉందా లేదా, ఎక్కడ పెట్టుకున్నాను. రోజూ కాసేపు అదే వీడియో కాల్ ఒక్కదాన్నే పెట్టుకుని చూశాను.

బ్యాటరీ తప్పైతే చార్జరు తియ్యగానే పోవాలి, లేదా నలభై శాతం చూపిస్తూనే చటుక్కున ఆరిపోవాలి. నాది చార్జరున్నా పోతోంది, లేకపోయినా పోతోంది. అయినా అనుమానం తీరక ఆ కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల పెట్టెలో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టాను. కొన్నప్పుడు బ్యాటరీ ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అని రెండు అంకెలు చూపిస్తుంది. నాది మూడింట రెండొంతులుంది. అలసిపోయింది గానీ చావలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా ఉంది. అదేదో పెద్ద రోగం అనుకుని కంగారుపడ్డాను. తీరా అర్థం చూస్తే, సరిగ్గా మూసెయ్యకుండా ఆగిపోయింది అని మాత్రమేనట. అది నాకు తెలియదా!

అసలు సంగతి నాలుగో గడిలో దొరికింది. డైనింగ్ టేబుల్ మీద గంటన్నర నడిచినా ఏం కాలేదు. మంచం మీద బొంత మడతపెట్టి దాని మీద పెట్టుకుంటే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. ఆగే ముందు ఫ్యాను హోరున తిరుగుతోంది, అడుగు భాగం అట్లపెనంలా ఉంది. వెంటనే ఆన్ చేస్తే త్వరగా పోతోంది, పావుగంట ఆరనిస్తే మామూలుగా నడుస్తోంది.

ఇది మనకి తెలియనిదా చెప్పండి? మినప్పప్పు గట్టిగా వేసి ఆపకుండా తిప్పితే మిక్సీ టప్పున ఆగిపోతుంది. మోటారు కాలిపోకుండా తనని తనే కాపాడుకుంటుంది. కాసేపు ఆరనిచ్చి కింద ఎర్ర బటను నొక్కుతాం. లాప్‌టాపూ అంతే. ప్రాసెసరు 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తే ముందు వేగం తగ్గించుకుంటుంది, అయినా చల్లబడకపోతే ఆరిపోతుంది. చాలావాటికి గాలి పీల్చుకునే కన్నాలు అడుగునే ఉంటాయి. నేను వాటిని బొంతతో మూసి ముక్కు నొక్కి పాఠం చెప్పించుకుంటున్నానన్నమాట! ఆ లెక్కన మావారన్నది నిజమే, నేనే నొక్కాను.

క్యాలెండరు పట్టుకుని వేరే షాపుకి వెళ్ళాను. ఆ అబ్బాయి చదివి, "ఆంటీ, ఇలా రాసుకొచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు" అని నా ముందే విప్పాడు. ఫ్యాను చుట్టూ దూది చాపలా పేరుకుని ఉంది, మా బొంతదీ ఆరేళ్ళ దుమ్ముదీ కలిపి. శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాడు. ఆరువందలు. ఒక్క జాగ్రత్త చెప్పాడు, మీకూ పనికొస్తుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ పొంగిందని అర్థం. అప్పుడు చార్జింగ్ పెట్టకూడదు, మనం గుచ్చి చూడకూడదు, తిన్నగా షాపుకే.

అంతటితో అయిపోయిందనుకున్నాను. దార్లో బస్సులో కూర్చుని ఆలోచిస్తే నాలుగో గడే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. బొంత మీద ఎందుకు పెట్టాను? డైనింగ్ టేబుల్ హాల్లో ఉంది, హాల్లో అత్తయ్యగారు పడుకుంటారు. మావాడికి చదువుకునే బల్ల ఉంది, వాడు హాస్టల్లో ఉన్నా దాని మీద వాడి సామాను ఉంది. మావారికి ఆఫీసు బల్ల, తిరిగే కుర్చీ ఉన్నాయి. ఈ ఇంట్లో అంగుళం అంగుళం తుడిచేది నేనే, నాకు మాత్రం నాలుగు కాళ్ళ చెక్క లేదు. ఎవరూ ఇవ్వనన్నది లేదు, నేనూ అడిగింది లేదు. నా పని పనిలా నాకే కనబడలేదేమో. సొంత గది దాకా నేను పోవడం లేదమ్మా, గంటన్నర పాటు ఒక బల్ల, అంతే.

ఆ రాత్రి అడిగాను. "శనివారం పొద్దున మీ బల్ల నాకు కావాలి."

"నా ఫైళ్ళున్నాయి కదా దాని మీద?"

"ఫైళ్ళకి బొంత వేస్తాలెండి."

ఆయన ఏదో అనబోయారు. ఈలోగా హాల్లోంచి అత్తయ్యగారు, "పాఠం చెప్పే మనిషి మంచమ్మీద కూర్చోవడమేంట్రా, బల్ల ఖాళీ చెయ్యి" అన్నారు. ఆవిడ నా క్లాసుని పాఠం అని గౌరవించడం అదే మొదటిసారి.

మొన్న శనివారం ఐదున్నరకి కుర్చీలో కూర్చుని కెమెరా పెట్టాను. వాళ్ళలో చిన్నపిల్ల, ఆరేళ్ళది, తెర దగ్గరికి మొహం పెట్టి నా వెనక బీరువా చూసి, "టీచర్, మీరు ఇల్లు మారారా?" అంది.

"లేదమ్మా, బల్ల మారాను. ఏదీ, ఎక్కడ ఆపాం?"

"కొ," అంది.