ముప్పు కడుపులో కాదు, గొట్టంలో

తాగునీటి పీహెచ్ 7 కన్నా తగ్గితే రక్తం ఆమ్లమవుతుందన్న గత సంచిక వ్యాసంలోని వాదన నిలవదు. జీర్ణాశయ రసం పీహెచ్ 1.5 నుంచి 3.5 వరకు ఉంటుంది. నీటిలోని కాస్త ఆమ్లత్వం అక్కడ లెక్కలోకి రాదు. రక్తాన్ని 7.35–7.45 మధ్య నిలిపేవి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు. నీటికన్నా ఎంతో పుల్లనైన మజ్జిగ, చింతపండు చారు రోజూ భోజనంలో ఉన్నవే.

అసలు ముప్పు గొట్టాల్లో ఉంది. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పదింతలవుతుంది. అలాంటి నీరు రాత్రంతా నిలిచి ఉంటే రాగి గొట్టాన్ని, ఇత్తడి కుళాయిని, సీసపు అతుకును మెల్లగా తినేస్తుంది. కుళాయి కింద సింకులో నీలిపచ్చ మరక, పొద్దున పట్టిన తొలి చెంబు నీళ్లలో లోహపు రుచి దీనికి ఆనవాళ్లు. ఎక్కువైన రాగి వాంతులు, కడుపునొప్పి తెస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి పీహెచ్ 6.5–8.5 మధ్య ఉండాలి.

క్షార నీరైతే మేలన్నదీ సరికాదు. నల్గొండ వంటి చోట్ల రాళ్లలోని ఫ్లోరైడ్ క్షార భూగర్భజలంలోనే ఎక్కువగా కరుగుతుంది. నీటి మంచిచెడ్డలు పీహెచ్ ఒక్కటే తేల్చదు. అందులో ఏం కరిగిందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

– ఒక పాఠకుడు, నల్గొండ