ద్వీపాంతరపు తెలుగుబడి

పరాయిదేశమున తెలుగుబడి నడుపుట యెట్టిదో ఓరుగంటివారికి విడమరచి చెప్ప నక్కరలేదు. సొంతగడ్డమీదనే పరదేశులవలె మాతృభాషకు బడి పెట్టుకొనవలసి వచ్చిన ప్రజలము మనము. 1904లో హనుమకొండయందు వెలసిన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నిలిపినది దొరతనము కాదు, చందాదారుల యోపిక. ఉర్దూ రాజభాషయై, 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునం దదియే బోధనభాషయై యున్న కాలమున తెలుగుబడి తెరవ దలచినవాడు ముందు సర్కారు అనుమతికై తిరుగవలసి యుండెను. అట్టి దినములలో, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదు నారాయణగూడయందు తెలుగున బోధించు బాలికల పాఠశాలను స్థాపించిరి. ఇచ్చట గుర్తింపు దొరకకపోగా, కార్వే మహాశయుడు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము ఆ బాలికలకు పరీక్షలు జరుప నంగీకరించినది. ఆ సంస్థ మరాఠీదేశమున బుట్టినది. మన బాలికల భాష తెలుగు. అయినను పొరుగువాడు చేయూత యిచ్చెను, బడి నిలిచెను. ఆ ఋణము మనపై నున్నది. దానిని తీర్చుకొను తావు నేడు సముద్రముల కావల గలదు.

మనవారు కడలి దాటుట నిన్నమొన్నటి మాట కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను నోడ మద్రాసునుండి తెచ్చిన ఒడంబడిక కూలీలను దర్బను రేవున దింపినది. మారిషసు చెరకుతోటలకు, మలయా రబ్బరుతోటలకు, రంగూను రేవునకు బోయిన తెలుగువారి సంగతి యందరెరిగినదే. కోరంగి రేవున నోడ యెక్కినందున పోయినచోట వారికి కోరంగులను పేరే నిలిచిపోయినది. పేరు మారినను ఊరు మరువలేదు. మనము 1930లో జోగిపేటయందు ప్రథమాంధ్రమహాసభ జరుపుకొంటిమి. మరుసటి యేటనే దక్షిణాఫ్రికాలోని తెలుగువారు తమ యాంధ్రమహాసభను స్థాపించుకొనిరి. 1947లో మారిషసువారును అట్లే చేసిరి. నడుమ మహాసముద్రము లున్నను పేరొక్కటే. ఆనాడు మూడుచోట్లను ఎత్తుకొన్న పనులలో మాతృభాషాబోధన ముఖ్యమైనది. మనకు తరువాత రాజ్యము వచ్చినది, విశ్వవిద్యాలయములు వచ్చినవి. వారికి మాత్రము ఆదివారపు బడియే దిక్కు.

అట్టి బడికి దూరపువారు చేయదగిన సాయమేమి? దీనికి ఫిజీ ద్వీపముల చరిత్ర మంచి పాఠము. అచ్చటికి 1879 మొదలు అరువదివేలకు మించిన కూలీలు పోయిరి. 1903 నుండి మద్రాసు రేవుననే యోడ యెక్కినవారు సుమారు పదునైదువేలు. వారిలో అరవవారును తెలుగువారును గలరు. 1920లో కూలి యొడంబడికలు రద్దయినవి. 1926లో సాధు కుప్పుస్వామిగారు నాందియందు దక్షిణభారత సన్మార్గ ఐక్యసంఘమును స్థాపించిరి. ఆ సంఘమువారు పిల్లలకు తమ భాషలు నేర్ప దలచిరి, బడులు పెట్టిరి, నడుపుటకు చదువుకొన్నవారు చాలకపోయిరి. వారు ధనము యాచింపలేదు, మనిషిని యాచించిరి. శ్రీరామకృష్ణసంఘము 1937లో అవినాశానందస్వామిని, 1939లో రుద్రానందస్వామిని పంపినది. రెండవవారు తిరిగి రాలేదనియే చెప్పవలయును. 1949లో నాందియందు వివేకానంద ఉన్నత పాఠశాల వారి హయాముననే వెలసినది. 1985లో కన్నుమూయువరకు ఆయన ఆ ద్వీపముల ప్రజలలో నొకడై యుండెను. పడవ దిగి, ఉపన్యసించి, పూలదండ వేయించుకొని, మరుపడవలో మరలిపోయినవాడు కాడు.

కాని యీ కథ కింకొక మలుపు గలదు. దానిని దాచుట న్యాయము కాదు. సంఘమునందు అరవమునకే పెద్దపీట వేయబడుచున్నదని తెలుగువారు నొచ్చుకొనిరి. 1941లో దక్షిణభారతాంధ్రసంఘమను పేర వేరు సంస్థ యేర్పరచుకొని తమ బడులు తాము నడుపుకొనిరి. సాయమునకు వచ్చినవారు సజ్జనులే; కాని సాయము పొందువానికి కావలసిన దేమో వానినే యడుగవలయును. నేడు ఫిజీలో తెలుగు మూలముగలవారి ఇండ్లలో పెక్కింట వినబడునది ఫిజీ హిందీ. పండితులు తగినంతమంది, తగిన కాలమున చేరియున్నచో ఎట్లుండెడిదో యని విచారము కలుగకపోదు.

ఇక అమెరికా. అచ్చటివారు కూలికి బోయినవారు కారు, చదువుకు బోయినవారు. మన వరంగల్లు వీధులలో కొడుకో కూతురో అచ్చట లేని యిల్లు వెదకవలసి యున్నది. 2007లో సిలికానాంధ్రవారు ఆరంభించిన మనబడి వారాంతముల నడచుచున్నది. బోధించువారు జీతగాండ్రు కారు, వారమెల్ల కచేరీలలో పనిచేసి శని ఆదివారములలో సుద్దముక్క పట్టు తలిదండ్రులు. హైదరాబాదులో 1985లో స్థాపితమై, ఇటీవల సురవరము ప్రతాపరెడ్డిగారి పేర నలరారుచున్న తెలుగు విశ్వవిద్యాలయము ఆ పిల్లల పరీక్షలకు గుర్తింపు నిచ్చినది. కార్వేగారి సంస్థ మన బాలికలకు చేసినదే, తెలుగు విశ్వవిద్యాలయము అమెరికా పిల్లలకు చేసినది. ఇది సక్రమమైన పొత్తు. ఇట్టివి పది యుండవలసినచోట ఒకటి రెండు మాత్రమే యున్నవి.

మన యలవాటు వేరు. ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదున, 1981లో కౌలాలంపూరున, 1990లో మారిషసున, 2012లో తిరుపతిలో, 2017లో మరల హైదరాబాదున జరిగినవి. శాలువలు కప్పబడినవి, కవిసమ్మేళనములు జరిగినవి. మేము సభలను నిందింపము. దూరపువారు ఒకరి మొగ మొకరు చూచుకొనుట మంచిదే. అయితే పందిరి విప్పిన మరుసటి ఆదివారము దర్బనులోనో మారిషసులోనో ఒక పిల్లవాడు ఒత్తు లెట్లు వ్రాయవలయునని యడిగినప్పుడు చెప్పువాడెవ్వడు? విదేశములనుండి వచ్చినవారిని చూచినంతనే మనకు గుడికి గోపురము, బడికి బల్లలు గుర్తుకు వచ్చును; చందాల పుస్తకము వారి ముందుంచుదుము. మనయొద్ద పుష్కలముగా నున్నదియు వారియొద్ద కొరవడినదియు నొకటి కలదని తోచదు. అది భాష.

ఓరుగంటికి ఈ పని చేయుటకు పనిముట్లన్నియు కలవు. 1976లో నేర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమున తెలుగుశాఖ యున్నది. 1959లో స్థాపితమైన యింజినీరింగు కళాశాల, నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, యున్నది; అంతర్జాలమున పాఠము నడిపించు మార్గము అందలి విద్యార్థులకు కరతలామలకము. పదవీ విరమణ చేసి, యరుగులపై వార్తాపత్రికలు కంఠస్థము చేయుచున్న తెలుగు పండితు లెందరో యున్నారు. వారికి వాదించుట కెదుటివాడు కావలయును. పిల్లవానికన్న నెదురుప్రశ్న వేయువాడెవ్వడు? ఒక పఠనమందిరము ఒక బడితో పొత్తు కుదుర్చుకొని, వారమునకు రెండు గంటలు చొప్పున ఏడాదిపాటు తప్పక నడిపిన చాలును. నెలకే విసిగి మానుకొనువారు పూనుకొనకుండుటే మేలు. సగములో విడిచిన గురువువలన పిల్లవానికి భాషపైననే నమ్మకము పోవును.

పాఠ్యపుస్తకముల మాట కొంత చెప్పవలసి యున్నది. అరక, గొర్రు, కళ్లము, వసారా అని మన వాచకములలోనున్న మాటలు దర్బనులో పెరిగిన పిల్లవాని కెట్లు తెలియును? చెరకుతోట వాని ముత్తాతకు తెలియును గాని వానికి తెలియదు. వాడు చూచిన సముద్రమును గూర్చి, వాడాడు ఆటలను గూర్చి తెలుగున వాచకము వ్రాయబడవలయును. అది వరంగల్లున గూర్చుండి ఒంటరిగా వ్రాయునది కాదు, అచ్చటి తల్లులతో గూడి వ్రాయవలసినది. ఆ పనిలో మన పండితులు వారికి నేర్పునది కొంత, వారియొద్ద నేర్చుకొనునది మరికొంత.

ఇంటిలోని దీపము కొండెక్కుచుండగా పొరుగింట దీపము పెట్టుట యేల యని యడుగువా రుందురు. అడుగుట సమంజసమే. తెలుగు బోధన తప్పనిసరి చేయుచు 2018లో తెలంగాణమున శాసనమే చేయవలసివచ్చెనన్నచో మన యింటి సంగతి తేటతెల్లము. హనుమకొండ బాలుడు సయితము తెలుగును కొంత పరభాషవలెనే చదువుచున్నాడు. అందుచేతనే మే మీ పని కోరుచున్నాము. పరభాషగా తెలుగు నేర్పు పద్ధతి మన పండితులకు అలవాటు లేదు. ప్రవాసపు బడులవారు దానిని అవసరముకొలది నేర్చిరి. ఆ బడిలో ఒక యేడు పనిచేసిన యువకుడు మన వీధిబడికి మునుపటికన్న మంచి గురువై వచ్చును.

అమెరికావారికి బలగము కలదు, దక్షిణాఫ్రికానుండి యారంభింతము. 2014లో అచ్చటి ప్రభుత్వము క్వాజులు-నేటాలు పాఠశాలలలో తెలుగు మొదలగు ఐదు భారతీయ భాషలను ఐచ్ఛికముగా చదువుకొనుట కనుమతించినది. అనుమతి కాగితమున నుండును. పండితుడు బల్లవద్ద నుండవలయును. అచ్చటి యాంధ్రమహాసభకు, మీకు కావలసిన దేమి యని యడుగుచు భాషానిలయమువారు రాబోవు ఉగాదిలోపల ఒక జాబు వ్రాయవచ్చును. దర్బనులో శనివారము ఉదయము పదిగంటలైనప్పుడు హనుమకొండలో మధ్యాహ్నము ఒంటిగంటన్నర. ఆ వేళ మన పఠనమందిరములలో కుర్చీలు చాలవరకు ఖాళీగనే యుండును.